పెరటితోటకు ఇంటివారి యాలోచన

పట్టణమున గీచిన యొకే పటమును ప్రతి పెరటిలోను పఱచుట తోట వేయుట కాదని మా యభిప్రాయము. ముందు ఇల్లాలి నడుగవలెను: స్నానపునీరు ఎటు పాఱును? వేసవిని మంచము ఏ నీడను వేయుదురు? నీరు పాఱుచోట అరటి, చేమ, చెట్టునీడను పసుపు. బోధను రేగడి వానకు నీరు పట్టి వేళ్లను కుళ్లించును గనుక బొప్పాయికి మిట్ట కట్టవలెను. నీరందని మూలను తంగేడును, కలుపని మనము పీకివేయు గునుగును తమంత పెరుగనిండు. బతుకమ్మకు పూలు కొననక్కఱలేదు.

1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ ప్రాంతమునకు చెఱకు నిచ్చినది. 2015లో శక్కరునగరు కర్మాగారము మూతపడగా ఒక్క పంటను నమ్మిన యిండ్ల యవస్థ చూచితిమి. పెరడు ఆ లోటు తీర్చదు. కూరల ఖర్చు మాత్రము తగ్గించును. కావున సంఘము విత్తులు పంచునపుడు అందఱికి నొకే పొట్లము గాక, ఇంటింటను అడిగి పంచవలెను.