రవ్వ జాతకం

మిరపకాయలు గుంటూరు యార్డుకు తోలి, డబ్బు చేతిలో పడ్డ మర్నాడే దాచేపల్లి నుంచి మా వదిన దిగింది. వెంట పెళ్ళికూతురు కాబోతున్న మా మేనకోడలు. చేతిసంచీ అడుగున, పసుపు గుడ్డలో మూటకట్టిన మా అమ్మ ఏడురాళ్ళ దుద్దులు.

"ఇవి మార్చి, పైన కొంత వేసి పిల్లకు కొత్తవి తీసుకుందాం. నువ్వూ రా వదినా, నాకు ఆ కాగితాల గోల తెలియదు" అన్నది.

ఆ దుద్దులు నేనెరుగుదును. "బ్లూజాగరు రాళ్ళమ్మా ఇవి" అని మా అమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటీన్ అనే గని పేరు అలా మన ఆడవాళ్ళ నోళ్ళలో పడింది. ఆ గని మూతపడి యాభై ఏళ్ళు దాటినా, పేరు మాత్రం ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నది!

కొట్టులో ఆయన ఒక్కొక్క రాయీ పరికరం కింద పెట్టి చూశాడు. పద్నాలుగింటిలో పదకొండు వజ్రాలే. ఎడమ దుద్దులోని మూడు మాత్రం ఉత్త తెల్లరాళ్ళు.

మా వదిన మొహం పాలిపోయింది. ఆ దుద్దులు ఇరవై ఏళ్ళుగా ఆమె బీరువాలోనే ఉన్నాయి. కొట్టు దిగేదాకా మాట్లాడలేదు. మెట్ల మీద నా చెయ్యి పట్టుకొని, "అత్తయ్య ఏమనుకుంటారు వదినా? నేనే మార్చాననుకోరూ?" అన్నది. ఏం జవాబు చెప్పను? ఆ రాళ్ళకు బరువు రాసిన చీటీ ఒక్కటి లేదు. అవి ఎప్పుడు మారాయో చెప్పగల సాక్షి ఎవరూ లేరు.

కొల్లూరు మా సీమలోనే, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడికి వచ్చి, అరవై వేలమంది ఆడా మగా పిల్లా జెల్లా తవ్వుతున్నారని రాశాడు. ఆ చోటికి ఈ దేశభాషలో పేరు "గని" అని కూడా రాసుకున్నాడు పాపం! ఇప్పుడా గనులు పులిచింతల నీళ్ళ పాలయ్యాయి. మన దక్కను వర్తకులు రాయిని పరీక్షించే తీరు కూడా ఆయనే చెప్పాడు. రాత్రివేళ గోడగూట్లో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకొని నీరు చూసేవారట. నీలిచాయ ఉన్నదేమోనని అనుమానం వస్తే, ఆకులు దట్టంగా ఉన్న చెట్టు నీడకు తీసుకుపోయేవారట.

నేటి గోడగూడు లేబరేటరీ. అమెరికాలో 1931లో పుట్టిన జి.ఐ.ఏ. సంస్థ 1955 నుంచి వజ్రాలకు పరీక్షా పత్రం ఇస్తున్నది. 1975లో ఆంట్‌వెర్ప్‌లో మొదలైన ఐ.జి.ఐ. పత్రాలు మన కొట్లలో విరివిగా కనిపిస్తాయి. కొట్టువాడు తన పేరుతో అచ్చువేసి ఇచ్చే కార్డు వీటితో సమానం కాదు సుమా! అమ్మేవాడే సాక్షి అయితే ఎలా?

ఆ పత్రంలో ధర ఉండదు. రాయి బరువు ఉంటుంది; క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు, అందులో నూరోవంతు సెంటు. రంగుకు "డి" మొదలు "జెడ్" దాకా అక్షరాలు; "డి" అంటే బొత్తిగా రంగులేనిది. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో మచ్చలెన్ని కనిపించాయో ఉంటుంది. పూర్వపు రత్నశాస్త్రాలు బిందువు, రేఖ, కాకపదం అని దోషాలు లెక్కపెట్టినట్టే! అన్నిటికన్నా ముందు చూడవలసిన మాట మరొకటి: రాయి భూమిలో పుట్టినదా, యంత్రంలో పెంచినదా అన్నది. పెంచినదీ వజ్రమే. నోటి ఆవిరి ఊదినా, కొట్లో వేడి పరీక్ష చేసినా తేడా తెలియదు. కొనవద్దని నేననను గాని, దాని ధర చాలా తక్కువ, తిరిగి అమ్మబోతే మరీ తక్కువ. పత్రం నంబరును చాలా రాళ్ళ నడుము మీద లేజరుతో చెక్కుతారు. భూతద్దం అడిగి సరిచూసుకోండి, మొహమాటపడకండి.

హాల్‌మార్కు చూపించి "అన్నీ ఉన్నాయమ్మా" అంటారు. అది బంగారానికి సాక్షి, రాయికి కాదు. ఇంకొక సంగతి. పదేసి సెంట్ల రాళ్ళు పద్నాలుగు కలిస్తే 1.40 క్యారెట్లు, అంతమాత్రాన అవి 1.40 క్యారెట్ల ఒంటిరాయి ధర చేయవు. రాయి పెరిగినకొద్దీ క్యారెట్ ధరే పెరుగుతుంది. చిన్నరాళ్ళ నగకు సాధారణంగా మొత్తానికి ఒక్క పత్రమే వస్తుంది కనుక, రాళ్ళ లెక్కా మొత్తం బరువూ బిల్లులో విడిగా రాయించాలి.

ఆకారం దగ్గర తల్లీకూతుళ్ళకు పేచీ వచ్చింది. పిల్లకు నీటిబొట్టు ఆకారం కావాలి. వదినకు గుండ్రమే. గుండ్రపు రాయికి 57 ముఖాలు, వెలుగును తిప్పి పైకే కొడుతుంది. చిన్నరాళ్ళకు దాన్ని మించింది లేదని నా అభిప్రాయం. కోలగా ఉన్నది అదే బరువుకు పెద్దగా కనిపిస్తుంది గాని, మధ్యలో నల్లని నీడ పడుతుందేమో తిప్పి చూడాలి. నీటిబొట్టుకు కొన బలహీనం, బంగారం దాన్ని కప్పి పట్టుకోవాలి. పొడుగుపలకగా చెక్కితే లోపలి మచ్చ దాగదు. ఆకారం కోసం బరువు పోగొట్టుకోవడం కొత్తేమీ కాదు. 186 క్యారెట్ల కోహినూరును 1852లో లండన్‌లో కోలగా చెక్కి 105.6కు తెచ్చారు. అది కొల్లూరుదేనని మేము చెప్పుకొంటాం. దానికీ కాగితం లేదు మరి!

చివరికి దుద్దులు గుండ్రపు రాళ్ళతోనూ, ముక్కుపుడక నీటిబొట్టుతోనూ కుదిరాయి. పాతవి మార్చలేదు. వదినకు మనసొప్పలేదు.

దాచేపల్లి వెళ్ళి అమ్మకు నేనే చెప్పాను. అమ్మ ఎడమ దుద్దు చేతిలోకి తీసుకొని కిటికీ దగ్గర చాలాసేపు చూసింది.

"నా పెళ్ళయిన కొత్తల్లో దీని శీల విరిగితే మరమ్మతుకిచ్చాం. తిరిగి వచ్చాక ఈ వైపు కళ తగ్గినట్టే అనిపించిందే. మా అత్తగారు నన్ను అనుమానిస్తారని నోరెత్తలేదు" అన్నది.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నది. కొత్త దుద్దుల పత్రం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని, నంబరు అంకె అంకెగా పైకి చదివింది.