లాగిన్ ఇచ్చిన్రు, లెక్చరర్‌ను ఎప్పుడిస్తరు?

యూనివర్సిటీ అంటే ఏంది? నాలుగు గోడలా? నలభై కంప్యూటర్లా? చదువు చెప్పే మనిషా? ఈ ప్రశ్న వేస్తే పాలకులకు కోపమొస్తది. అయినా వేయాల్సిందే. కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లల చదువులో ఉన్న బొక్కలన్నిటినీ డిజిటల్ అనే ఒక్క మాట కింద దాచిపెడుతున్నరు.

బాసర సంగతే తీసుకుందాం. 2008లో రాజీవ్‌గాంధీ పేరుమీద సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టి బాసర, నూజివీడు, ఇడుపులపాయలో క్యాంపస్‌లు తెరిచిన్రు. పదో తరగతి పాసైన పల్లె పిల్లలకు ఆరేండ్ల ఇంజనీరింగ్ చదువు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి మొదటి చాన్స్‌లర్. ప్రతి విద్యార్థి చేతికి ల్యాప్‌టాప్, దాని మీదనే పాఠం అన్నది ఆ చదువుకు పునాది. ఆలోచన చెడ్డది కాదు. సర్కారు బడిలో చదివినోళ్లకు 0.4 పాయింట్లు కలిపి సీటిచ్చే పద్ధతి అంతకన్నా మంచిది.

మరి పద్నాలుగేండ్లకు ఏమైంది? 2022 జూన్‌లో వేలమంది విద్యార్థులు ఎండకు ఎండి వానకు తడిసి మెయిన్ గేటు కాడ కూసున్నరు. పన్నెండు డిమాండ్లు. రెగ్యులర్ వైస్‌చాన్స్‌లర్‌ను వేయాలె, అధ్యాపకులను నియమించాలె, మెస్ బాగుచేయాలె, ల్యాప్‌టాప్‌లు ఇయ్యాలె! ల్యాప్‌టాప్ మీదనే నడవాలని పెట్టిన యూనివర్సిటీలో ల్యాప్‌టాప్ కోసం ధర్నా! ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటదా? మంత్రి వచ్చి హామీ ఇచ్చినంక పిల్లలు లేచిన్రు. నెల తిరిగిందో లేదో, జులైలో అదే క్యాంపస్‌లో తిండి వికటించి వందమందికి పైగా మంచం పట్టిన్రు. ఏడాది చివరికి ల్యాప్‌టాప్‌లు పంచిన్రు, ఫొటోలు దిగిన్రు. బువ్వ సక్కగ పెట్టలేని చోట ల్యాప్‌టాప్ ఎవల ఆకలి తీరుస్తది?

కరీంనగర్‌కు శాతవాహన యూనివర్సిటీ వచ్చింది కూడా 2008లోనే. కాకతీయ పీజీ సెంటర్‌కు కొత్త బోర్డు పెట్టి యూనివర్సిటీ అన్నరు. అప్పటి సంది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ సార్ల రెక్కల మీదనే బండి నడిచింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా యూనివర్సిటీల కాంట్రాక్టు అధ్యాపకులు రెగ్యులర్ చేయాలని సమ్మెకు దిగిన్రు. రేపు కొలువు ఉంటదో ఊడుతదో తెలవని మనిషి పిల్లగానికి పరిశోధన ఎట్ల నేర్పుతడు? నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో ఆ మూడో మాట ఏ సర్వర్‌లో దాచిపెట్టిన్రు?

2016లో డిగ్రీ అడ్మిషన్లను దోస్త్ పేరుతో ఆన్‌లైన్ చేసిన్రు. పైరవీలు తగ్గాలనే మాట బాగానే ఉన్నది. కానీ ఫోన్ నంబర్ ఆధార్‌కు జోడించి లేకుంటే పిల్లగాడు మీసేవ చుట్టూ తిరగాలె. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌లో అన్ని కాగితాలు ఎక్కిస్తడు, పైసలు మాత్రం టైముకు రావు. 2025 నవంబర్‌లో ఫీజు బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. దరఖాస్తు నిమిషంలో పోతది, పైసలు ఏండ్లకు వస్తయి. ఇదేనా డిజిటల్ వేగం?

2020ని రాష్ట్ర ప్రభుత్వం కృత్రిమ మేధ సంవత్సరం అని ప్రకటించింది. అదే ఏడాది కరోనాతో పాఠాలు టీవీకి, ఫోన్‌కు ఎక్కినయి. ఆదిలాబాద్ ఏజెన్సీ పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కిన్రు. హైదరాబాద్‌లో కృత్రిమ మేధ, ఆదిలాబాద్‌లో గుట్ట మీద ఫోన్!

ఇంకో మాట. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ప్రపంచంలో ఏ కంప్యూటర్ అయినా ఆ అక్షరాలను గుర్తుపట్టొచ్చు. మన యూనివర్సిటీలు గుర్తుపట్టినయా? గోండిలో పాఠం, నిఘంటువు, కీబోర్డు తయారుచేసే పని బాసర పిల్లలకు అప్పజెప్తే అది గదా అసలైన డిజిటల్ సంస్కృతి! కొన్న యంత్రాన్ని వాడుడు బానిసతనం, మన నోటిమాటను యంత్రానికి నేర్పుడు విద్య.

"కంప్యూటర్లు వద్దంటరా?" అని కొందరు ఎకసెక్కాలాడుతరు. వద్దనలేదు. కంప్యూటర్ కోసమే బాసర పిల్లలు వానలో కూసున్నరు. సారు పోస్టు మింగి ఆ జాగలో స్క్రీన్ పెడితే ఊకోమంటున్నం. వీడియోను ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు. పేదోని బిడ్డకు స్క్రీన్, పెద్దోని బిడ్డకు సారు అయితే అది సాంకేతిక ప్రగతి కాదు, కొత్త అంటరానితనం.

అందుకే అడుగుతున్నం. ఖాళీ పోస్టులు నింపుండ్రి. కాంట్రాక్టు సార్లకు న్యాయం చేయుండ్రి. సీటు దొరికిన రోజే ల్యాప్‌టాప్ చేతిలో పెట్టుండ్రి. ఏజెన్సీ హాస్టళ్లకు నెట్ ఇయ్యుండ్రి. ఫీజు బకాయిలు కట్టుండ్రి. విద్యార్థులారా, ఉద్యోగులారా! ఖాళీల లెక్క సమాచార హక్కు కింద రాబట్టుండ్రి, మన నాయకుల ముందర పెట్టుండ్రి. అడగకుంటే అమ్మయినా పెట్టదు. సర్కారు పెడుతదా?