పేరు మిగలని పేరంటాలు

కృష్ణా గోదావరుల నడుమ విస్తరించిన కొల్లేటి సరస్సుకు సముద్రమార్గం ఉప్పుటేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన జలం ఆ దారినే బంగాళాఖాతాన్ని చేరుతుంది. ఆ మార్గానికి సంబంధించి 'పేరంటాల కనమ' అనే నామమొకటి జనశ్రుతిలో నిలిచి ఉంది. గజపతుల కాలంలో కొల్లేటికోట చుట్టూ జలమే ప్రాకారమైందనీ, చిగురుకోట వద్ద విడిసిన శత్రుసేనకు అది దుర్భేద్యమైందనీ, సరస్సు నీటిని సముద్రానికి మళ్ళించే కాలువ తవ్వించి, ఆ కార్యసిద్ధికై ఒక సేనాని తన కన్నకూతురినే బలి ఇచ్చాడనీ ఐతిహ్యం. కోట పేరు మిగిలింది, గజపతుల పేరు మిగిలింది. ఆ కన్య పేరు మాత్రం మిగలలేదు. ఆమెకు మిగిలినది 'పేరంటాలు' అనే పదమొక్కటే.

ఇది చరిత్ర కాక ఐతిహ్యమే కావచ్చును. అయినను ఒక సమాజం దేనిని స్మరించిందో, దేనిని విస్మరించిందో ఐతిహ్యమే స్పష్టంగా చెబుతుంది.

ఇటువంటి కథ వేదవాఙ్మయంలోనూ ఉన్నది. ఐతరేయ బ్రాహ్మణంలో అజీగర్తుడు నూరు గోవులకు తన మధ్యమ పుత్రుడైన శునఃశేపుని విక్రయించాడు. యూపానికి కట్టడానికి మరొక నూరు, వధించడానికి ఇంకొక నూరు గ్రహించాడు. బాలుడు దేవతలను స్తుతించాడు, బంధాలు సడలినవి. తండ్రి తిరిగి పిలిచినప్పుడు నిరాకరించి విశ్వామిత్రుని అంకాన్ని ఆశ్రయించి, దేవరాతుడైనాడు. ఋగ్వేద ప్రథమ మండలంలో అతడు దర్శించిన సూక్తాలు నేటికీ పారాయణలో ఉన్నవి. బిడ్డ ప్రాణంతో తన కార్యం సాధించుకొనే పితను శ్రుతి కీర్తించలేదు, ఆ బిడ్డనే ఋషిగా నిలిపింది. కొల్లేటి కన్యకు లభించనిది ఆ అవకాశమే. ఆమె స్తుతించిందో, శపించిందో, నిరాకరించిందో అడిగినవారు లేరు. మరణానంతరం మాత్రం మ్రొక్కుకున్నారు.

'స్త్రీకి త్యాగమే భూషణం గదా' అని కొందరు సాధకులు అనవచ్చును. త్యాగానికీ బలికీ గల భేదాన్ని బృహదారణ్యకమే బోధిస్తున్నది. యాజ్ఞవల్క్యుడు గృహాన్ని విడిచి వెళ్ళబోతూ కాత్యాయనీ మైత్రేయులకు విత్తాన్ని విభజించి ఇస్తానన్నాడు. మైత్రేయి ఆ విత్తంతో అమృతత్వం సిద్ధిస్తుందా అని ప్రశ్నించి, సిద్ధించదని తెలిసికొని, అప్పుడు దానిని కాదన్నది. మొదట భాగం ఆమె ముందుంచబడినది. పిదప ఆమె ప్రశ్నించినది. ఆ తరువాతనే విడిచినది. ఈ క్రమం తప్పితే త్యాగమనే మాటకు అర్థం లేదు. తనది కానిదానిని ఎవరూ త్యజించలేరు. ఇతరులు త్యజింపజేసినది బలి.

ఈ విచారం నేటి ఏలూరు, తాడేపల్లిగూడెం సీమలకు దూరమైనది కాదు. వరిచేలు, చేపల చెరువులు గల ఇళ్ళలో ఆస్తి పంపకం నాడు ఆడపడుచును పిలుస్తారు. ఎందుకు? సంతకానికి. 'పసుపు కుంకుమల క్రింద ఇచ్చాం గదమ్మా, తమ్ముడితో పేచీ ఎందుకు, పుట్టిల్లు చల్లగా ఉండాలి గదా' అంటారు. ఆమె కన్నీటితోనో చిరునవ్వుతోనో సంతకం చేస్తుంది. దానిని త్యాగమని ఊరంతా కొనియాడుతుంది. చట్టం ఆమె పక్షాననే ఉన్నది. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ నాటికి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే సమభాగం కల్పించింది. 2005లో కేంద్రం ఆ హక్కును వివాహితలకూ విస్తరించింది. చట్టం కలికాలపు కల్పన అనేవారు స్మృతులను చూడాలి. అవివాహితలైన సోదరీమణులకు అన్నదమ్ములు తమ భాగాలలో చతుర్థాంశం ఈయవలెనని మనువే విధించాడు. అదియైనను ఎన్ని ఇళ్ళలో పాటించారు?

తాడేపల్లిగూడెంలో 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట్లకు నేడు ఆడపిల్లలు చదువుకై వెళ్తున్నారు. గ్రామ పంచాయతీలలో సర్పంచులుగా కూర్చుంటున్నారు. ఇది సంతోషకరం. కాని కన్యను విదేశానికి పంపి చదివించిన తండ్రియే పొలం గట్టు దగ్గర ఆమెను పరాయిదానిగా ఎంచితే, విద్య మారింది గాని దృష్టి మారలేదు. జనకసభలో గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించడమే కాక, ఆయనను ఎవరూ జయించలేరని విద్వాంసులకు తీర్పు కూడ చెప్పినది. సభ ఆ తీర్పును విన్నది. మన ఇంటి సభలో కూతురి మాట వింటున్నామా?

ఫాల్గుణ జాతరలో కొల్లేటికోట పెద్దింట్లమ్మను దర్శించుకొనే ప్రతి గృహస్థుడూ ఆ అమ్మను ఇంటికి పెద్దదిగానే కొలుస్తాడు. ఆ పేరులోనే ఉపదేశం ఉన్నది. జలమధ్యంలోని అమ్మకు పెద్దరికమిచ్చి, తన ఇంటి ఆడపడుచుకు మాట లేకుండ చేస్తే ఆ అర్చన అసంపూర్ణం. కనుక సంతకం అడిగే ముందు భాగమెంతో చెప్పండి, లెక్క చూపండి, ఆలోచించుకొనే వ్యవధి ఇవ్వండి. అటుపిమ్మట ఆమె స్వీకరించినా, విడిచినా అది ధర్మమే. అప్పుడే అది ఆమె నిర్ణయం.