పెదవులు కదిపితే చాలునా?

క్రిస్మసు పాటల అభ్యాసములు మొదలయ్యే రోజులు దగ్గరపడుతున్నవి గనుక ఈ నెల పాడుటను గూర్చి, ముఖ్యముగా నలుగురిలో పాడుటకు సిగ్గుపడేవారిని గూర్చి వ్రాయదలచాము. ఈ సంగతి వ్రాయుటకు మాకు కొంత తలవంపుగానే ఉన్నది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

2011లో మేము వేదాంత విద్యలో డిప్లొమా ముగించుకొని క్రొత్తగా పరిచర్యలోనికి వచ్చాము. కృష్ణా డెల్టాలో ఒక చిన్న పల్లె సంఘము. డిసెంబరు మొదటి వారములో పిల్లలచేత పాట అభ్యాసము చేయిస్తున్నాము. హార్మోనియము మా చేతిలోనే ఉన్నది. ముందు వరుసలో పదేండ్ల పిల్ల ఒకతె. చరణము పైకి వెళ్ళేసరికి ఆ పిల్ల గొంతు ప్రక్కకు జారిపోతున్నది. మూడుసార్లు పాట ఆపాము. నాల్గవసారి విసుగు వచ్చి, "నువ్వు పెదవులు కదుపు చాలు తల్లీ, గొంతు బయటికి రానివ్వకు" అన్నాము. పిల్లలందరు గొల్లున నవ్వారు. మేము కూడ నవ్వాము. పండుగనాడు పాట బాగానే కుదిరింది. అన్న మాట మాత్రము ఆ పూటే మరచిపోయాము.

2024లో మాకు వేరొక ఊరికి బదిలీ అయినది. ఆ పిల్ల అదే ఊరికి కోడలుగా వచ్చి ఉన్నది. చంకలో ఏడాది బిడ్డ. గురువారము స్త్రీల సమాజములో ఒక్కొక్కరు ఒక్కొక్క కీర్తన ఎత్తుట అక్కడ వాడుక. తన వంతు వచ్చినప్పుడెల్లా ఆమె పుస్తకము ప్రక్కవారి ఒడిలో పెట్టేది. అందరితో కలిసి పాడేటప్పుడు కూడ పెదవులు కదులుతున్నవే గాని శబ్దము లేదని మా సతీమణి కనిపెట్టి, ఒకనాడు ఇంటికి పిలిచి అడిగింది. "నాకు గొంతు లేదండి అమ్మగారూ. చిన్నప్పుడే చెప్పేశారు" అన్నది. ఎవరు చెప్పారమ్మా అంటే, తల వంచుకొని, వరండాలో కూర్చున్న మా వైపు చూచింది. "బిడ్డకు జోల పాడాలన్నా తలుపు వేసుకొని పాడతానండి" అని కూడ అన్నది.

పదమూడేండ్లు! మేము నవ్వి మరచిపోయిన మాట ఆమె ఇల్లు మారినా, ఊరు మారినా వెంటబెట్టుకొని వచ్చింది. మా సతీమణి ఎదుటనే ఆమెను క్షమాపణ అడిగాము. "అయ్యో, ఎప్పటి మాటో లెండి అయ్యగారూ" అన్నది. కాని మరుసటి గురువారము కూడ పుస్తకము ప్రక్కవారి ఒడిలోనే పెట్టినది. క్షమించుట ఆమె మనస్సుతో చేసింది, బిగిసిన గొంతు మనస్సు మాట వెంటనే వినదు.

దోషము ఆమె గొంతులో లేదని మాకు అప్పటికే తెలుసు. ఎలాగు తెలిసిందో చెప్పాలి. 2016లో తొమ్మిది రాత్రులు మంచులో ఇంటింటికి క్యారల్స్‌కు తిరిగి, పగలు మైకులో కేకలు వేసి, తీరా క్రిస్మసు ఆరాధన నాటికి గొంతు పోగొట్టుకొన్నాము. వాక్యము సంఘ పెద్ద ఒకరు చదివారు. మేము సైగలు చేస్తూ కూర్చున్నాము. పట్నములో చెవి ముక్కు గొంతు డాక్టరుగారు చిన్న అద్దము పెట్టి చూచి, పది దినములు మౌనముగా ఉండమన్నారు. సరేనని గుసగుసగా మాట్లాడబోతే, అది కూడ గొంతుకు విశ్రాంతి కాదని వారించారు. గొంతులో స్వరతంత్రులని రెండు మెత్తని మడతలున్నవి, అంగుళమైనను పొడవుండవు. మగవారు మాట్లాడేటప్పుడు అవి సెకనుకు నూరుసార్లకు పైగా, ఆడవారు మాట్లాడేటప్పుడు ఇంచుమించు రెండు వందలసార్లు ఒకదానినొకటి తాకుతవి. పై స్వరము పాడితే ఇంకను ఎక్కువ. మేము వాటిని తొమ్మిది రాత్రులు అలాగు కొట్టించాము!

మిరియాల పాలు, పటికబెల్లము, పచ్చిగుడ్డు అని సంఘములో తలకొక మందు చెప్పారు. పాలు, పటికబెల్లము గొంతుకు హాయిగానే ఉంటవి. కాని మనము మింగినది అన్నవాహికలోనికి పోతుంది. స్వరతంత్రులు ఉన్నది గాలి పోయే దారిలో. వాటిని నేరుగా తాకేది మనము పీల్చే గాలి, ఆవిరి, పొగ, దుమ్ము. మంచినీళ్ళు ఒంట్లో చేరి లోపలినుండి తడి నిలుపుతవి గనుక దినమంతయు కొంచెము కొంచెము త్రాగుచుండాలి, పాటకు ముందు ఒక చెంబుడు త్రాగితే చాలదు. మన పల్లెల్లో అభ్యాసము మొదలయ్యేదే వరి కోతల కాలములో. కోత మిషన్లు వచ్చినా దుమ్ము తగ్గలేదు. దానికితోడు ఆడవారికి కట్టెల పొయ్యి పొగ. పొలమునుండి వచ్చినవారిని ముఖము కడుగుకొని, నీళ్ళు త్రాగి, ఒక అరగంట కూర్చోనివ్వకుండ పాటకు నిలబెట్టుట అన్యాయము. మాటిమాటికి గొంతు సకిలించుట కూడ మంచిది కాదు, ఆ బదులు ఒక గుక్క నీళ్ళు మింగాలి. బొంగురు మూడు వారములు దాటినా తగ్గకపోతే, చుట్ట, బీడీ అలవాటున్నవారైతే మరీ, కషాయములతో కాలము గడపక డాక్టరుకు చూపించుకోవాలి.

మౌనము ముగిసిన తరువాత సంగీతము మేష్టారు ఒకరి దగ్గర కొన్నాళ్ళు సరళీ స్వరములు నేర్చుకొన్నాము. మగవారికి సాధారణముగా ఒకటి, రెండు శృతులు హాయి, ఆడవారికి ఐదు, ఆరు శృతులు హాయి అని ఆయన చెప్పినప్పుడు మాకు 2011 నాటి హార్మోనియము గుర్తుకు వచ్చింది. ఆ దినము మేము మూడు శృతిలో పాట ఎత్తాము. మా గొంతు ఎంత పైకి పోతుందో చూపించుకొనుటకు గాక మరెందుకు? ఆ శృతిలో పదేండ్ల పిల్లకు క్రింది స్థాయి అందదు, పై స్థాయిలో పాడబోతే చరణము మరీ ఎత్తు. గొంతు జారక ఏమి చేస్తుంది? మేష్టారు నేర్పిన ఉపాయము ఇది: పాటలో అన్నిటికంటె పైకి వెళ్ళే చోటు ఏదో చూచుకొని ముందు అది పాడాలి. కేక వేయకుండ అక్కడికి అందితే, ఆ శృతిలోనే పల్లవి ఎత్తాలి. అందకపోతే శృతి దించాలి. మనవారు పల్లవి హాయిగా ఉన్నదని మొదలుపెట్టి చరణములో నరములు తేలేలాగు అరుస్తారు.

ఇది తెలిసిన తరువాత కూడ ఆ పిల్లను వెదకి చెప్పాలని మాకు తోచలేదు. అది మా రెండవ తప్పు.

సరే, ఇప్పుడు ఏమి చేయాలి? నిర్గమకాండము 4వ అధ్యాయములో మోషే తనకు మాట చక్కగా రాదని వెనుకాడినప్పుడు దేవుడు కోపపడినను, ఒంటరిగా పంపలేదు, అహరోనును తోడు ఇచ్చాడు. మా సతీమణి అలాగే తోడు కూర్చున్నది. మమ్మును ఆ దరిదాపులకు రావద్దన్నది, అదీ న్యాయమే. మొదటి వారము పాటే లేదు. కీర్తన మాటలను లయగా పైకి చదువుట మాత్రమే. సిగ్గుపడినవారికి ఊపిరి రొమ్ము పైభాగములో చిక్కుకొని మెడ నరములు బిగుస్తవి, స్వరము వణుకుతుంది. అది భక్తి తక్కువై గాని, చేతకాక గాని కాదు. పొట్ట కదిలేలాగు మెల్లగా గాలి తీసుకొని, అంతకంటె మెల్లగా విడుచుట నేర్చుకొన్నారు. తరువాత నోరు మూసి హుం అని రాగము పలుకుట. బియ్యము ఏరుతూ, బిడ్డకు నీళ్ళు పోస్తూ పాడుకొన్నారు. చేతికి పని ఉంటే గొంతు మీద దృష్టి ఉండదు గదా. శృతి ఆమెకు ఏది హాయో అదే. వెదకగా వెదకగా ఐదున్నర దగ్గర నిలిచినది.

ఆ పైన ఇంకొక ఇద్దరు స్త్రీలను కలుపుకొన్నారు. వరుసగా నిలబడక చుట్టు కూర్చొని పాడేవారు. మైకు లేదు. ఒకరి తప్పు మరొకరు ఎత్తిచూపకూడదు, తప్పిన చోట అందరు కలిసి మరల పాడాలి, ఇదొక్కటే నియమము. చిన్న పిల్లలచేత అభ్యాసము చేయించేవారు కూడ ఇది పాటించండి. గొంతు కలవని పిల్లను ప్రక్కన కూర్చోబెట్టకండి, బాగుగా కలిసే పిల్ల ప్రక్కన కూర్చోబెట్టండి. చెవి వినగా వినగా గొంతు దారికి వస్తుంది. అది ఒక్క డిసెంబరులో జరగకపోవచ్చు.

ఆమెకు ఏడు నెలలు పట్టినది. నడుమ రెండుసార్లు మానుకొన్నది. ఒకసారి బిడ్డకు జ్వరమని, ఒకసారి ఆడపడుచు ఏదో అన్నదని.

మొన్న ఒక గురువారము స్త్రీల సమాజము ముగింపు ప్రార్థనకు మేము వెళ్ళి వెనుక కూర్చున్నాము. వంతు ఆమెకు వచ్చింది. పుస్తకము ఒడిలోనే ఉంచుకొన్నది. మొదటి మాట వణికినది, రెండవ చరణమునాటికి నిలకడ వచ్చినది. హార్మోనియము లేదు, శృతి ఆమె ఎత్తుకొన్నదే. అందరు అందుకొన్నారు, మేము కూడ అందుకోబోయాము. ఆ శృతిలో పై చోట్ల మా గొంతు అందలేదు, క్రిందికి దిగితే అసలు శబ్దమే రాలేదు. చేసేది లేక ఆ చోట్ల పెదవులు మాత్రము కదిపాము. ఆమె అది చూచింది. పాట ఆపకుండనే నవ్వింది.