ఓటు లేకపోయినా నోరుంది కదా!

కెమ్నిట్జ్‌లో అద్దె ఇంటి తాళాలు చేతికి రాగానే మనం ముందు అడిగేది ఇంటర్నెట్ గురించే. షిఫ్టు దిగి వచ్చి అమ్మానాన్నల ముఖం చూడాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా, వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకోవాలన్నా అదే దిక్కు. మరి మన భవనానికి ఏ లైను రావాలో తేల్చేదెవరు? ఇంటి యజమాని, కంపెనీ. నెలనెలా బిల్లు కట్టే మనల్ని అడిగేవారే లేరు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని లాంగ్‌మాంట్ పట్టణవాసులు ఈ పద్ధతికి ఎదురు తిరిగారు. ప్రజల ఓటు లేనిదే ఏ ఊరూ సొంతంగా ఇంటర్నెట్ ఇవ్వకూడదని అక్కడ 2005లో చట్టం వచ్చింది. 2009లో ఓటు పెడితే కేబుల్ కంపెనీల ప్రచారమే గెలిచింది. 2011లో మళ్లీ పెట్టి జనం గెలిచారు. 2013లో సుమారు 4.5 కోట్ల డాలర్ల బాండ్లకూ సరేనన్నారు. ఊరి కరెంటు శాఖే ఇంటింటికీ ఫైబర్ లాగింది. మొదట చేరినవారికి ఒక గిగాబిట్ వేగం నెలకు 50 డాలర్లకే దక్కింది. 2023లో రాష్ట్రం ఆ పాత చట్టపు అడ్డును తొలగించింది.

ఊరి నెత్తిన అప్పు పడదా అంటారు. ఆ భయం ఉత్తదేం కాదు. యూటా రాష్ట్రంలోని ప్రోవో నగరం తన నెట్‌వర్కును 2013లో గూగుల్‌కు ఒక్క డాలరుకు అమ్ముకుంది. అందుకే లెక్కలు జనం ముందు పెట్టాలి, నిర్ణయం జనం చేతిలో ఉండాలి.

ప్రభుత్వం తీగ లాగడం మనవాళ్లకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా వేసిన ఫైబర్‌నెట్‌ను 2017లో రాష్ట్రపతి ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు ఇచ్చిన ప్యాకేజీ మన పల్లెల్లోనూ తెలుసు. కాకపోతే అది పైనుంచి వచ్చింది. లాంగ్‌మాంట్‌లో జనమే అడిగి తెచ్చుకున్నారు.

కెమ్నిట్జ్‌లోనూ పునాది ఉంది. 2010లో ఏర్పడిన ‘ఐన్స్’ సంస్థలో సగానికి పైగా వాటా ఇక్కడి స్థానిక సంస్థలదే. కరెంటు, గ్యాస్ ఇచ్చే ఆ సంస్థే నగరంలో ఫైబర్ కూడా వేసింది. ఇక మిగిలిన వీధుల మాట, ధరల మాట అడగాల్సింది నగర సభనే.

యూరోపియన్ యూనియన్ పౌరులం కాని మనకు ఇక్కడి నగర ఎన్నికల్లో ఓటు లేదు. అద్దె, పన్ను, బిల్లు మాత్రం అందరిలాగే కడుతున్నాం. నగర సభ సమావేశాల్లో నివాసులు ప్రశ్నలడిగే సమయం ఉంటుంది. మెట్ల మీద రోజూ పలకరించే జర్మన్ అవ్వను, వియత్నాం కుటుంబాన్ని, సిరియా తమ్ముణ్ణి కలుపుకుని ఒక్క ఉత్తరం రాద్దాం. అడగనిదే అమ్మయినా పెట్టదు!