సగం లెక్క

సెప్టెంబర్ 17 వస్తే హైదరాబాద్‌లో జెండాలకు కరువుండదు. కేంద్రం 2022 నుంచి పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరుపుతోంది. రాష్ట్రంలో ఒక ప్రభుత్వం సమైక్యతా దినమంది, తర్వాత వచ్చినది ప్రజాపాలన దినోత్సవమంది. పాతబస్తీలో మజ్లిస్ పార్టీ తిరంగా యాత్ర తీసింది. పేరు కోసం ఇంత తగువు పడుతున్న పెద్దల్లో, ఆ రోజుల్లో చచ్చిపోయినవాళ్లు ఎందరని అడిగేవాళ్లు కనబడరు.

లెక్క లేక కాదు. నెహ్రూ పంపిన బృందమే వేసింది. 1948 సెప్టెంబర్ 13న పోలీసు చర్య పేరుతో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. నవంబర్ నెలాఖరున పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ వచ్చి 16 జిల్లాల్లో 9 తిరిగారు. ఆ చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హింసలో ఎంత తగ్గించి చెప్పినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాశారు. వీరిలో అత్యధికులు ముస్లింలు. కొన్నిచోట్ల సైనికులు కాపాడారని, మరికొన్నిచోట్ల దోపిడీలో, హత్యల్లో చేయి కలిపారని కూడా దాపరికం లేకుండా రాశారు. అసలు పోలీసు చర్య గురించి విచారించమని ఎవరు చెప్పారని హోంమంత్రి పటేల్ అభ్యంతరపెట్టారు. నివేదిక దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండిపోయింది.

దాన్ని బయటికి లాగింది ప్రభుత్వాలు కాదు, చరిత్ర రాసేవాళ్లు. హైదరాబాద్‌లో పుట్టి అమెరికాలో ఎంఐటీలో పనిచేసిన ఒమర్ ఖాలిదీ, పోలీసు చర్య తర్వాతి హైదరాబాద్ మీద ఒక సంకలనం కూర్చి అందులో నివేదిక భాగాలు చేర్చారు. అది 1988లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా పట్టణం నుంచి వెలువడింది. బీదర్, గుల్బర్గాల కథ అచ్చు కావడానికి అంత దూరం పోవాల్సి వచ్చింది! ఏ.జి. నూరానీ 2013లో తన పుస్తకంలో నివేదికను అనుబంధంగా ఇచ్చారు. 2021లో సునీల్ పురుషోత్తం, ఈ హింసను గణతంత్రం పుట్టుకకు పక్కన జరిగిన ప్రమాదంగా చూడొద్దని, ఆ పుట్టుకలోనే అది భాగమని వాదించారు. ఆ వాదనతో ఏకీభవించకపోవచ్చు. జవాబైనా చెప్పాలి కదా?

జవాబు తప్పించుకోవడానికి 1956 బాగా అక్కరకొచ్చింది. ఎక్కువ నెత్తురు పారిన ఉస్మానాబాద్, నాందేడ్‌లు బొంబాయి రాష్ట్రానికి (నేటి మహారాష్ట్ర), బీదర్, గుల్బర్గాలు మైసూరుకు (నేటి కర్ణాటక) పోయాయి. పొలిమేరలతో పాటు మృతులూ పంపకమయ్యారు, ఏ శాసనసభా వాళ్లను తనవాళ్లని అనుకోలేదు. అయితే తెలంగాణ చేతులు కడుక్కోవడం కుదరదు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ ఈ నాలుగింటిలో కనీసం 5 వేల మంది పోయారని అదే నివేదిక చెబుతోంది. వాటిలో రెండు మనవే.

ఇదంతా నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల పాపాన్ని కడగడానికి కాదు. 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ చేయి నరికి చంపారు. అదే నెల 27న భైరాన్‌పల్లిలో మనుషుల్ని వరసగా నిలబెట్టి కాల్చారు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి బయటపడి పాకిస్థాన్ చేరాడు. ఆ మరుసటి ఏడాది మళ్లీ నిలబడిన మజ్లిస్, రజాకార్లంతా సరిహద్దు దాటి పోయారని ఒక్క మాటతో తేల్చేస్తుంది. భైరాన్‌పల్లికి వెళ్లి తలవంచాల్సిన బాధ్యత మజ్లిస్ కార్యాలయం దారుస్సలాంకు లేదా? రజాకార్ పేరుతో సినిమా తీసి ఓట్లు ఏరుకోవాలనుకునేవారికి లాతూర్‌లో ముస్లింలకు ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత లేదా? ఒక ఊరి శవాలు చూపించి ఇంకో ఊరి శవాల మీద దుప్పటి కప్పే పని రెండు పక్షాలూ కలిసే చేస్తున్నాయి.

నివేదికలో ఇంకొక సంగతి కూడా ఉంది. హిందూ చేనేత కార్మికులు ముస్లిం చేనేత కార్మికులకు అడ్డం నిలబడ్డారు, కొందరు అందుకు ప్రాణాలే ఇచ్చారు. ఎత్తుకుపోయిన ముస్లిం ఆడవాళ్లను తిరిగి ఇళ్లకు చేర్చడంలో ఎందరో హిందువులు సాయపడ్డారు. నివేదికను దాచినవాళ్లు హంతకులతో పాటు వీళ్లనూ దాచేశారు. సెప్టెంబర్ 17న వేదికల మీద సన్మానాలు చేయడానికి ఇంతకంటే యోగ్యులెవరున్నారు?

పాతబస్తీ పెద్దలు నేటికీ కాలాన్ని పోలీస్ యాక్షన్‌కు ముందు, తర్వాత అని కొలుస్తారు. మనవళ్లు అదేమిటని అడిగితే చేతికివ్వడానికి మృతుల లెక్క చెప్పే పుస్తకం కావాలి. తెలంగాణ ప్రభుత్వం సుందర్‌లాల్ నివేదికను తెలుగులో, ఉర్దూలో పూర్తి పాఠంగా అచ్చువేయాలి. నిజాం బలగాలు, రజాకార్ల చేతిలో పోయిన భైరాన్‌పల్లి, పరకాల వాసుల పేర్లు అదే సంపుటిలో చేర్చాలి. నల్లగొండ, మెదక్ ఊళ్లలో పోయినవారి పేర్లు ఇప్పటికైనా సేకరించాలి. వచ్చే సెప్టెంబర్ 17న ముఖ్యమంత్రి జెండా ఎగరేసే ముందు ఆ సంపుటిని శాసనసభ ముందుంచాలి.