జిల్లా మారింది... దూరం తరిగిందా?

మా వన్ టౌన్‌లో కుళాయి రాకపోతే చెంగు దోపుకుని వీధి చివరికి నడిస్తే చాలు, వార్డు ఆఫీసులో అడిగేయొచ్చు. అక్కడ పని కాకపోతే కార్పొరేషన్ ఆఫీసుకి ఆటోలో పావుగంట. అందుకే కాబోలు, కొత్త జిల్లా అన్న వార్త చూసినా "మనకేంలే" అని పేపరు మడిచేస్తాం. 2025 డిసెంబరు 31న రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా ఏర్పడినప్పుడు నేనూ అలాగే మడిచేశాను. తర్వాత లెక్కలు చూశాక మనసు ఊరుకోలేదు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో అక్కడి జనం తొమ్మిదిన్నర లక్షలు. మన బెజవాడ జనం పది లక్షల పైచిలుకు. ఇంచుమించు సమానమే! కానీ మనం 62 చదరపు కిలోమీటర్లలో గోడకి గోడ ఆనించుకుని బతుకుతున్నాం. వాళ్లేమో 12,251 చదరపు కిలోమీటర్ల కొండల్లో, అడవుల్లో చెదిరి ఉన్నారు. తలలు లెక్కపెడితే చిన్న జిల్లా. నెలలు నిండిన మనిషిని డోలీలో మోసుకొచ్చేవాళ్లనడగండి, అదెంత పెద్దదో చెబుతారు.

చింతూరు సంగతే చూడండి. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. తర్వాత ఖమ్మం. 2014లో మళ్లీ తూర్పు గోదావరిలోకొస్తే కలెక్టరు కాకినాడలో. 2022లో పాడేరు, అదీ దాదాపు రెండువందల కిలోమీటర్ల దూరం. ఇప్పుడు రంపచోడవరం. ఊరు ఉన్నచోటే ఉంది, కలెక్టరాఫీసే ఊళ్లు తిరుగుతోంది! రంపచోడవరం దగ్గర కావడం మేలే, కాదనను. సుమారు మూడున్నర లక్షల మందికి ఓ జిల్లా ఇచ్చారంటే, తలలు కాదు, దూరం కొలవాలని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా.

అయితే కలెక్టరు దగ్గరైనంత మాత్రాన పాలన దగ్గరైనట్టు కాదు. కొండమీద ఒక్కో పంచాయతీలో ఎన్నో గూడేలుంటాయి. గూడేనికీ గూడేనికీ మధ్య వాగో, గుట్టో అడ్డం. మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్లవే. కానీ సర్పంచి అయిన గిరిజన మహిళ తన ఊళ్లన్నీ చుట్టి రావాలంటే ఎన్ని పూటలు నడవాలి?

అందుకే 1996లో పెసా చట్టం తెచ్చారు. గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకి పెద్దపీట వేసిన చట్టమది. భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో అడగాలంది. మనవాళ్లు 1998లో రాష్ట్ర చట్టం చేసినప్పుడు ఆ అడగడాన్ని మండల పరిషత్తు చేతిలో పెట్టారు. గూడెంలో చెట్టుకింద అడగాల్సిన మాట మండలాఫీసుకి వెళ్లిపోయిందన్నమాట! భూమి తీసుకోవాలంటే అక్కడివాళ్ల ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం వచ్చాక గానీ రాయలేదు.

ఇదంతా మనకెందుకంటారా? కొత్త జిల్లా పేరు పోలవరం. ఆ పేరుగల ఊరు మాత్రం ఏలూరు జిల్లాలో ఉంది. అక్కడి ప్రాజెక్టు వెనక నిలిచే నీళ్లలో మునిగే ఊళ్లు ఈ కొత్త జిల్లాలో ఉన్నాయి. 2015 నుంచి పట్టిసీమలో తోడిన గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ మీదుగానే మన కృష్ణకి వస్తున్నాయి. రేపు ప్రాజెక్టు పూర్తయితే లాభం మన డెల్టాకీ ఉంది. మన పొలం తడిసేది, వాళ్ల ఇల్లు మునిగేది ఒకే ప్రాజెక్టుతో.

జిల్లా పేరు రాసిన బోర్డు మారిస్తే సరిపోదు. ఆ గూడెంలో గ్రామసభ నిజంగా కూర్చుందా, అందులో ఆడవాళ్ల మాట రాసుకున్నారా అన్నది మనం అడగాలి. మన గొంతు పావుగంటలో ఆఫీసుకి చేరుతుంది కదా. వాళ్ల కోసం ఒక్కసారి వాడకూడదూ?